‘తాలూకా’ స్టిక్కర్ తీసిన ఆదివారం

శనివారం రాత్రి పదిన్నరకి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. తెల్ల కారు డిక్కీ. దాని మీద సగం చిరిగిన స్టిక్కర్. పక్కనే వేలెడు పొడవున సన్నటి గీత. కింద ఒక్కటే ముక్క: "అక్కా, బ్లేడు జారింది."

ఆ కారు మా బాబాయిది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. వచ్చిన డబ్బుతో చెల్లి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. గీత సంగతి బాబాయికి ఇంకా తెలీదు.

స్టిక్కర్ ఏంటో కాకినాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. 2024లో మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితాలు. ఆ మధ్యలో "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అని బళ్ల మీద తెగ వేయించేశారు కదా, అదే. మావాడిది ఏ పార్టీ అని అడక్కండి, ఇది ఆ కాలమ్ కాదు. దానికి తోడు ఆన్‌లైన్‌లో కొన్న సింహం ఎంబ్లెమ్ ఒకటి, మెరిసే ప్లాస్టిక్‌ది, పక్కనే అంటించాడు. కొనేవాళ్లు ఫోన్‌లో ముందే చెప్పారట, "ఆ రెండూ తీసేసి ఉంచండి" అని.

పొద్దున్నే సర్పవరం వెళ్లాను. వాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని రెడీగా ఉన్నాడు. ముందు అది లాక్కున్నాను.

నాకు ఈ విషయంలో అనుభవం ఉంది లెండి. కాలేజీ రోజుల్లో నా స్కూటీ మీద జిగురు మరక పోవట్లేదని పెయింట్ థిన్నర్ పోసి రుద్దాను. జిగురు పోయింది. రంగు కూడా పోయింది. ప్లాస్టిక్ బాడీ కాబట్టి ఆ చోటు మెత్తబడి, గరుగ్గా తయారైంది. బండి అమ్మేదాకా దాని మీద నేనే ఇంకో స్టిక్కర్ వేసుకుని తిరిగాను.

కారు రంగు ఎంత మందం ఉంటుందనుకుంటున్నారు? కింద ప్రైమర్ నుంచి పైన మెరుపు పూత దాకా అన్ని పొరలూ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. జిరాక్స్ కాగితం ఒకటి దాదాపు 100 మైక్రాన్లు. పైనున్న క్లియర్ కోట్ అయితే 40, 50 మైక్రాన్లే. అంటే మనం బ్లేడు పెట్టి గీకేది అర కాగితం మందం మీద. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా జారకుండా ఉంటుందా?

ముందు కారుని నీడలోకి తోయించి షాంపూతో కడిగించాను. దుమ్ము ఉండగా రుద్దితే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. తర్వాత పిన్ని హెయిర్ డ్రయ్యర్. జిగురు చల్లగా ఉంటే మొండికేస్తుంది, వెచ్చబడితే సాగుతుంది. అరచెయ్యంత దూరంలో పెట్టి, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఒకటి రెండు నిమిషాలు. చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి, కాలకూడదు. మరిగే నీళ్లు పోసేయొద్దు. మూల గోటితో లేపి, పైకి కాకుండా వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగాలి. ‘పిఠాపురం’ నాలుగు ముక్కలుగా వచ్చింది. రెండేళ్ల ఎండకి ఎండిపోయింది పాపం. ఆగిపోయినప్పుడల్లా మళ్లీ వేడి.

సింహానికి వేరే మందు. అలాంటి ఎంబ్లెమ్స్ వెనకాల స్పాంజిలాంటి డబుల్ టేపు ఉంటుంది. దాన్ని లోహంతో పైకి లేపితే అంచు దగ్గర డిక్కీ సొట్ట పడుతుంది. మనూళ్లో దీనికి బ్రహ్మాండమైన సాధనం ఉంది: గేలం దారం. జగన్నాథపురం నుంచి తెప్పించాను. వేడి చేసి, దారాన్ని ఎంబ్లెమ్ వెనక్కి దూర్చి, రెండు చేతులతో రంపంలా అటూ ఇటూ లాగితే టేపు మధ్యలోంచి కోసుకుపోతుంది. పళ్లు తోముకునే ఫ్లాస్ అయినా ఓకే. ఒక్క జాగ్రత్త, కంపెనీవాళ్లు పెట్టిన ఎంబ్లెమ్ అయితే కొన్నిటికి వెనకాల పిన్నులు, వాటికి బాడీలో కన్నాలు ఉంటాయి. తీశాక ఆ కన్నాలు మిగులుతాయి. ముందే కనుక్కోండి.

మిగిలిన స్పాంజిని బొటనవేలితో ఉండలు చుట్టి తీశాం. ఆ మీదట జిగురు పొర. మెత్తటి గుడ్డకి కాస్త కిరసనాయిలు తడిపి, ముందు డోరు లోపల కనపడని చోట పరీక్ష చేసి, రంగు గుడ్డకి అంటలేదని చూసుకుని అద్దాం. కాసేపు నాననిచ్చి తుడిస్తే వచ్చేసింది. దగ్గర్లో స్టవ్, సిగరెట్ ఉండకూడదని వేరే చెప్పాలా? డబ్బీలో ఉండే డబ్ల్యూడీ-40 కూడా పనిచేస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్, పెట్రోల్ మాత్రం వద్దు. చివర్లో సబ్బునీళ్లతో జిడ్డు కడగాలి. ఇదివరకు డెంటింగ్ చేయించి మళ్లీ రంగేసిన కారైతే ఇంకా భయంగా చెయ్యండి, ఆ రంగు స్టిక్కర్‌తో పాటే లేచిపోవచ్చు.

నంబర్ ప్లేటు మీద స్టిక్కర్ అయితే అసలు అంటించడమే రూల్స్‌కి విరుద్ధం. హై సెక్యూరిటీ ప్లేటు మీద ఈ ద్రావకాలేవీ పొయ్యకండి, మెరిసే ఫిలిం పాడవుతుంది.

అంతా అయ్యాక మిగిలింది గీత. గోరు అడ్డంగా లాగి చూశాను, గోరు పట్టుకుంది. పట్టుకుందంటే పాలిష్‌తో పోదు, టచప్ వెయ్యాల్సిందే. సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలికి రేకు బయటపడితే తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. మావాడు "దాని మీద చిన్న స్టిక్కరేసేద్దామా అక్కా" అన్నాడు. నా స్కూటీ గుర్తొచ్చింది. "వెళ్లి నాన్నకి చెప్పు" అన్నాను.

చెప్పాడు. బాబాయి వచ్చి గీత మీద వేలు పెట్టి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి చొక్కా వేసుకున్నారు. నాలుగింటికి సామర్లకోట నుంచి వాళ్లొస్తే, ఇంజిన్ కంటే ముందు డిక్కీ దగ్గరికే తీసుకెళ్లారు. "ఇదిగోండి, మావాడు గీశాడు. టచప్‌కి ఎంతవుతుందో మీరే చెప్పి తగ్గించుకోండి." మూడు వేలు తగ్గించారు.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ఇంకోటి బయటపడింది. స్టిక్కర్ కింద ఎండ తగలని చోట రంగు కొత్తగా ఉంది కదా, అక్షరాల నీడ లీలగా కనిపిస్తోంది. పాలిష్ పెట్టాం, తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వచ్చినాయన కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివారు.

"తా... లూ... కా. మాది పెద్దాపురం తాలూకా అండీ. ఆయ్, పర్లేదు లెండి."