మాఫీ కంటే ముందు హిస్సా

అబ్బా చెహ్లుమ్ అయిన వారానికే మా సూర్యాపేట ఇంటికి బేరం వచ్చింది. పాత పెంకుటిల్లు, ముందర వేపచెట్టు. మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాసే తమ్ముడికి అప్పులున్నాయి. నాకు కూతురి కాలేజీ ఫీజులున్నాయి. అమ్మీ నాతోనే ఉంటానంది. కొనే ఆయన బయానా తెచ్చాడు, తీసుకున్నాం.

డాక్యుమెంట్ రైటర్ కాగితాలు తిరగేసి అడిగిన మొదటి మాట: "మరి మీ చెల్లె సంతకం?"

"ఆమెకేం కావాలె? మాఫ్ చేసేస్తది" అన్నాను. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో ఆడవాళ్ల హఖ్ గురించి రాస్తున్నవాణ్ని, ఆ మాట నేనే అన్నాను.

మర్నాడు హక్కు విడుదల పత్రం, అరకిలో మిఠాయి పట్టుకొని కోదాడ బస్సెక్కాను. చెల్లె చాయ్ పెట్టింది. కాగితం ఆసాంతం చదివింది. "మాఫ్ కర్తీఁ భాయ్‌జాన్. పైలే మేరా హిస్సా మేరే హాథ్ మే రఖో" అంది. మాఫ్ చేస్తాను, ముందు నాది నా చేతిలో పెట్టు అని. గొంతులో కోపం లేదు. నాకే చాయ్ మింగుడు పడలేదు.

తిరుగు బస్సులో లెక్క వేశాను. ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ నేర్పిన కసర్ లెక్కలు అన్నేళ్ల తర్వాత పనికొచ్చాయి. మయ్యత్‌కు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే తర్కాను నలభై హిస్సాలు చేయాలి. బేవాకు ఎనిమిదో వంతు, అంటే ఐదు. కొడుకులకు చెరి పద్నాలుగు. కూతురికి ఏడు. ఇల్లు నలభై లక్షలకు పోతే అందులో ఏడు లక్షలు చెల్లెవి. అరకిలో మిఠాయితో నేను మాఫీ అడగబోయింది ఆ ఏడు లక్షలను.

దోస్తులారా, సీరియళ్లలోలా వసీయత్, ప్రొబేట్, కోర్టు అనుకోకండి. ముసల్మానుల వసీయత్‌కు ప్రొబేట్ తప్పనిసరి అన్న షరతును 1925 వారసత్వ చట్టం పెట్టలేదు. మన దగ్గర వరుస వేరు. ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత ఖర్జ్, తర్వాత మూడో వంతు దాటకుండా వసీయత్, మిగిలింది వారిసులకు. ఒక వారిసు పేరిట వసీయత్ ఉంటే, మిగతా వారిసులు ఒప్పుకోకపోతే అది చెల్లదు. "ఇల్లు చిన్నోడికే అని నాయన అన్నడు" అంటే సరిపోదు. కట్టని మహర్ కూడా ఖర్జే. అమ్మీ పెట్టెలోంచి నికాహ్‌నామా తీసి చూస్తే, పదకొండు వందల మహర్ అబ్బా కట్టనే లేదు. అమ్మీ నవ్వి ఊరుకుంది. యాభై ఏళ్ల కింద ఆ పైసలకు విలువుండేది.

అన్నదమ్ములు ఒప్పుకొని సంతకాలు పెట్టేస్తే ఇల్లు అమ్ముడైపోయినట్టు అనుకుంటాం. మన చట్టంలో కన్నుమూసిన క్షణమే ప్రతి వారిసుకూ తన హిస్సా చేరిపోతుంది. ఎవరి హిస్సా వాళ్లు అమ్ముకోవచ్చు కానీ, చెల్లె హిస్సాను అన్న అమ్మలేడు. మునిసిపాలిటీలో ఇంటి పన్ను ఎవరి పేరిట ఉన్నా దాంతో మిల్కియత్ రాదు. తండ్రి బతికుండగానే "నాకు హిస్సా వద్దు" అని బిడ్డతో రాయించుకునే ఆనవాయితీ కూడా ఉంది. ముందు ముందు దక్కవచ్చన్న ఆశను బదిలీ చేయడానికి 1882 ఆస్తి బదిలీ చట్టం ఆరో సెక్షనే ఒప్పుకోదు.

తఖ్సీమ్ సాఫ్‌గా కాకపోతే ఏమవుతుందో హైదరాబాద్ పాయ్‌గా ఖాందాన్‌ను చూస్తే తెలుస్తుంది. నవాబ్ ఖుర్షీద్ జాహ్ మత్రూకా పంపకాల దావా హైకోర్టులో 1958 నాటి 7వ నంబరు సివిల్ సూట్. 1963 జూన్ 28న ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆ తర్వాత హిస్సాలు కొన్నవాళ్లు, వాళ్ల దగ్గర మళ్లీ కొన్నవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. అందులో హైదర్‌నగర్ భూముల మీద సుప్రీంకోర్టు తీర్పు 2023 జూన్‌లో వచ్చింది. నవాబుల జాగీరుకూ మా పెంకుటింటికీ పోలిక లేదనకండి. చెల్లె ఒక దావా వేస్తే చాలు, అది నడుస్తుండగా కొన్నవాడు చివరి తీర్పుకు కట్టుబడాల్సిందే. పాపం, వాడి బయానా మునుగుతుంది.

కానీ నేను రాస్తున్నది కోర్టు భయంతో కాదు.

"పెళ్లికి జహేజ్ ఇచ్చాం కదా" అంటారు. జహేజ్ ఎక్కడా హిస్సా కాదు. అలా కోసేదే అయితే నా చదువుకు పెట్టిన ఖర్చు, తమ్ముడి మొదటి దుకాణానికి అబ్బా కట్టిన పగిడీ కూడా కోయాలి. అవి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొడుక్కి ఇస్తే పెంపకం, కూతురికి ఇస్తే పంపకం!

డిగ్రీలో తెలుగు చదువుకున్నాను. ఆడపిల్ల అంటే "ఆడి పిల్ల", అంటే అక్కడి పిల్ల అని పెద్దలు చెప్పేవారు. ఇంట్లో ఉర్దూలో పరాయా ధన్ అనేవారు. నాకు తెలిసిన రెండు జబాన్లలోనూ చెల్లె హఖ్ తినడానికి ఒక మాట సిద్ధంగా ఉంది. హిందువుల్లో ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఎన్టీఆర్ హయాం చట్టంతో 1985 సెప్టెంబర్ 5 నుంచి వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. మాకు సూరా నిసా వచ్చి పద్నాలుగు వందల ఏళ్లు దాటింది. అయినా రిజిస్ట్రేషన్ ఆఫీసు బెంచీ మీద బుర్ఖా చెల్లె, బొట్టు చెల్లె ఇద్దరూ పక్కపక్కనే కూర్చొని అవే కాగితాల మీద సంతకాలు పెడుతుంటారు.

యూనిఫాం సివిల్ కోడ్ మాట వస్తే షరియత్ మా జాన్ అంటాం. 1937లో షరియత్ చట్టం తెచ్చింది ఎందుకు? బిడ్డలకు హిస్సా ఎగ్గొట్టే రివాజులకంటే షరియత్ పైన ఉండాలని కూడా. ఆ రివాజు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉంది.

చెల్లెళ్లు నిజంగా ఇష్టంతోనే వదులుకుంటారా? కొందరు వదులుకుంటారేమో. చాలామంది మైకా పోతుందని వదులుకుంటారు. రేపు మగడితో గొడవైతే ఏ గడప తొక్కాలి, ఈద్‌కు ఎవరు పిలుస్తారు అని. ఆ ఖౌఫ్‌తో పెట్టిన సంతకాన్ని మాఫీ అని ఎలా అంటాం? అది మైకా కోసం ఆమె కట్టే కిరాయి.

నేను అడిగేది పెద్దదేం కాదు. బయానా ముట్టకముందే వారిసులందరూ కూర్చొని హిస్సాలు కాగితం మీద రాయండి. మీ సేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు పెడితే అందులో కూతుళ్ల పేర్లూ రాయించండి. కొనేవాళ్లు ఒక్కో వారిసు పేరిట వేరే చెక్కు ఇవ్వండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మస్జిదుల ఇమామ్ సాబ్‌లు ఏడాదికి ఒక్క జుమా బయాన్ వరాసత్ మీద చెప్పండి. ఇల్లు అమ్మలేని పరిస్థితుంటే, అమ్మీ అందులోనే ఉండాలంటే, ఉండనివ్వండి. కానీ చెల్లె హిస్సా ఎంతో రాసి ఆమె చేతికివ్వండి.

మా ఇల్లు నెల ఆలస్యంగా అమ్ముడైంది. ముందు అమ్మీ మహర్ పక్కన పెట్టాం, తర్వాత నాలుగు చెక్కులు. చెల్లె తన చెక్కును రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూసింది. నేను ఎదురుచూశాను, అబద్ధం చెప్పను. ఆమె మాఫ్ చేయలేదు. చెక్కు మడిచి సంచిలో పెట్టుకొని "ఈద్‌కు ఎవరింటికి రావాలె భాయ్‌జాన్?" అని అడిగింది.

"మా ఇంటికే" అన్నాను. వచ్చింది.