మడ అడవికి వెల కట్టని లెక్క ఎవరి లెక్క?



ప్రాజెక్టు లెక్కలలో ఉక్కుకు, సిమెంటుకు, కంకరకు పైసలతో సహా వెల కడతారు. నరకబోయే మడ అడవి తీరానికి చేసే కాపలాకు మాత్రం తరచు సున్నా వేస్తారు. ఆ సున్నా చివరకు శ్రామికుని నెత్తిన అప్పుగా పడుతున్నది.

1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెనుతుఫానులో దాదాపు 10 వేల మంది మరణించారు. భితర్‌కనిక ప్రాంతంలోని మూడు గ్రామాల నష్టాన్ని బడోలా, హుస్సేన్ అను పరిశోధకులు లెక్కించి 2005లో ప్రకటించారు. మడ అడవి చాటున ఉన్న ఊరిలో కుటుంబానికి నష్టం సుమారు 33 డాలర్లు. కరకట్ట ఉండి అడవి లేని ఊరిలో సుమారు 154 డాలర్లు. జీతం అడగని కాపలాదారు చేసిన మేలు ఇది!

“ముందస్తు హెచ్చరికలు ఉన్నవి కదా, ఇక అడవి ఎందుకు?” అని కొందరి వాదన. హెచ్చరిక మనిషిని తరలించగలదు. పొలాన్ని, ఇంటిని, రైలు కట్టను తరలించగలదా?

ముంబాయిని చూడండి. మిఠీ నది ముఖద్వారాన చిత్తడి నేలలను, మడ అడవులను పూడ్చి బాంద్రా-కుర్లా వ్యాపార కేంద్రాన్ని లేపారు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన కురిసి మిఠీ పొంగినది. లోకల్ రైళ్లు నిలిచిపోయినవి. అంతటి వానకు ఏ నగరమైనా తల్లడిల్లుతుంది, నిజమే. కాని నీరు నిలిచే చోటును ముందే పూడ్చినది వాన కాదు. భూమి లాభం ఒకరి ఖాతాలో జమ అయినది. వరద వచ్చినప్పుడల్లా నీటిలో దిగి పట్టాలు తనిఖీ చేసే గ్యాంగ్‌మన్ శ్రమ, ఉత్తరాల సంచి తడవకుండా మోసే పోస్ట్‌మన్ శ్రమ ఏ ఖాతాకూ ఎక్కలేదు.

అదే కేంద్రం నుండి బయలుదేరే బుల్లెట్ రైలు మార్గం కొరకు సుమారు 20 వేల మడ చెట్లను నరుకుటకు 2022 డిసెంబరులో బొంబాయి హైకోర్టు అనుమతించినది. ఐదింతల మొక్కలు నాటుతామని ప్రాజెక్టు వారు హామీ ఇచ్చారు. మనము రైలుకు విరోధులము కాము. రైలే మన అన్నము. అయితే నాటిన మొక్క నాడే అడవి కాదు. ఆటుపోట్లు అందని చోట మడ మొక్క నిలవదు.

కావున మన కోరికలు స్పష్టము. నశించే అడవి రక్షణ విలువను ప్రాజెక్టు వ్యయంలో చేర్చాలి. ఎన్ని మొక్కలు నాటారో కాదు, ఎన్ని బ్రతికాయో ఏటేటా ప్రకటించాలి. పునరుద్ధరణ పనిని న్యాయమైన కూలితో తీర ప్రజలకే ఇవ్వాలి. ప్రతి శాఖ ఈ కోరికలను తీర్మానించి యాజమాన్యాల ముందుంచాలి!