కొత్త కారుకూ పిట్టగోడ కావాలి



అమెరికాలో ఉన్న మన సంఘ బిడ్డలు కారు కొంటే ముందుగా ఫోటో పంపి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని అడుగుతారు. ఆదివారం ఆరాధనలో వారి అమ్మానాన్నలు లేచి సాక్ష్యం చెబుతారు, కృతజ్ఞత కానుక వేస్తారు. దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం మంచిదే. మిషిగన్, మిన్నెసోటా, బఫెలో వంటి మంచు ఎక్కువగా కురిసే చోట్ల ఉన్న పిల్లలు ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ వైపు మొగ్గు చూపుతున్నారు. అలాంటి కొత్త కారు కొనడం గురించీ, దాన్ని కాపాడుకోవడం గురించీ మా అభిప్రాయం ఇక్కడ వ్రాస్తున్నాం.

ముందు ఆ మాటకు అర్థం చూద్దాం. వానాకాలంలో నల్లరేగడి బురదలో ట్రాక్టరు దిగబడితే ఏమవుతుందో మన రైతులకు తెలుసు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. మామూలు కారులోనూ ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది కాబట్టి ఒకటి జారినా మిగతావి పట్టు దొరికించుకుని లాగుతాయి. అమెరికాలో సుబారు లెగసీ ఈ ఏర్పాటుతోనే పేరు తెచ్చుకుంది. 2025 మోడల్‌తో ఆ కారు ఆగిపోయింది. టయోటా కామ్రీలో కూడా 2020 మోడల్ నుంచి ఆల్ వీల్ డ్రైవ్ కోరుకుంటే దొరుకుతోంది. మంచులో ఉద్యోగానికి వెళ్లాల్సిన వారికి ఇది విలాసం అని మేము అనము, అది అవసరమే.

అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం ఒకసారి తెరిచి చదవండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు అక్కడ ఆజ్ఞాపించాడు. పైనుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటివారి మీదికి వస్తుంది. ఇల్లు ఇచ్చిన దేవుడే పిట్టగోడ సంగతీ అడుగుతున్నాడు. గృహప్రవేశ ప్రార్థన చేయించుకున్నాం కదా, ఇక గోడ ఎందుకు అనడానికి అక్కడ వీలు లేదు. కారు విషయంలో కూడా ఇదే న్యాయం వర్తిస్తుందని మా నమ్మకం. అద్దం మీద అతికించిన వాక్యం స్టిక్కరు బ్రేకులు వేయదు. వాక్యాన్ని రక్షరేకులా వాడుకోవడం విశ్వాసం కాదు.

మంచు రోడ్ల మీద పిట్టగోడ అంటే మొదట టైర్లు. నాలుగు చక్రాలూ లాగడం వల్ల బండి తేలిగ్గా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆపేటప్పుడు మాత్రం ఆ ఏర్పాటు పనికిరాదు. ఆపడం బ్రేకుల పని, టైర్ల పట్టు పని. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి ఆపడంలో ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ప్రత్యేకమైన మేలేమీ లేదు. పక్క కార్లు కదలలేక నిలిచిపోతుంటే మనది సాఫీగా ముందుకు పోతుంది. ఆ ధీమాతోనే వేగం పెరుగుతుంది. ముందు సిగ్నల్ దగ్గర ఆపాల్సి వచ్చినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు టైర్ల రబ్బరు గట్టిపడుతుంది. అందుకే అక్కడ శీతాకాలపు టైర్లు వేరుగా అమ్ముతారు. కారుకు అంత డబ్బు పెట్టి టైర్ల దగ్గర వెనకాడడం, మేడ కట్టి పిట్టగోడ దగ్గర ఇటుకలు మిగుల్చుకోవడం లాంటిదే. పరుగెత్తే బలం కోసం ప్రార్థించేవారు చాలామంది ఉన్నారు. ఆగే బలాన్ని ఆశానిగ్రహం అని పౌలు ఆత్మఫలాల్లో చేర్చాడు. దాన్ని కూడా అడుగుదాం.

రెండవది, ఈ కార్లలో నాలుగు టైర్లూ ఒకే సైజువి, ఒకే రకంవి, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి పాడైందని అదొక్కటే కొత్తది వేస్తే, మిగతా మూడూ అరిగి ఉంటే, నాలుగూ ఒకే వేగంతో తిరగవు. ఆ తేడా భారమంతా బలాన్ని పంచే భాగాల మీద పడి అవి వేడెక్కి పాడవుతాయి. అందుకే ఒక్కోసారి ఒక టైరు కోసం నాలుగూ మార్చాల్సి వస్తుంది. దారిలో కారు చెడిపోతే రెండు చక్రాలు నేల మీద ఉంచి లాక్కుపోకూడదు. మొత్తం బండిని లారీ మీదికి ఎక్కించి తీసుకెళ్లాలి. సుబారు కంపెనీ 6,000 మైళ్లకు లేదా 6 నెలలకు, ఏది ముందైతే అప్పుడు, ఆయిల్ మార్చమంటుంది. టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుతూ ఉండాలి. ఇవన్నీ కారుతో వచ్చే పుస్తకంలోనే ఉంటాయి. సంఘం ఒక శరీరం అని, ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడతాయని పౌలు కొరింథీయులకు బోధించిన మాటకు ఈ నాలుగు టైర్లు మంచి సాదృశ్యం.

మూడవది అప్పు. ఈ మాట ముఖ్యంగా ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు. అక్కడ కారు అప్పు 72 నెలలకు కూడా ఇస్తారు, అంటే 6 సంవత్సరాలు. అప్పు మీద కొంటే పూర్తి ఇన్సూరెన్స్ చేయించమంటారు. ఆ దేశంలో డ్రైవింగ్ చరిత్ర లేని కొత్తవారికి ఆ ప్రీమియం బరువుగానే ఉంటుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారి ఉద్యోగం పోతే వేరే దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. 60 రోజుల గడువు మీద బతికే పిల్లవాడి నెత్తిన 6 సంవత్సరాల అప్పు పెట్టేది ఎవరు? చాలాసార్లు షోరూమువాడు కాదు. "ఫలానా వాళ్ల అబ్బాయి కొత్తది తీశాడంట, మనవాడు ఇంకా పాతదాంట్లోనే తిరుగుతున్నాడు" అన్న ఇంటి మాటే. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో నేర్పించాడు. నాలుగేళ్లు నడిచిన మంచి కారు కొని, మిగిలిన డబ్బుతో చదువు అప్పు తీర్చుకున్న బిడ్డ తక్కువ దీవెన పొందినవాడు కాదు. ఆ సాక్ష్యం కూడా సంఘంలో వినబడాలి. కారు దీవెనకు కొలబద్ద అయితే, రోజూ నడిచి వచ్చి వెనక చాప మీద కూర్చునే విధవరాలిని దేవుడు మరచిపోయాడని చెప్పినట్టే అవుతుంది. అది సువార్త కాదు.

అందుకే మా సంఘంలో కారు కోసం ప్రార్థన చేసేటప్పుడు దాని ధర, మోడలు చెప్పనవసరం లేదని మా మనవి. నడిపేవారి కోసం, ఆ దారిలో ఎదురయ్యేవారి కోసం, అప్పు తీరేవరకు ఉద్యోగం నిలబడడం కోసం ప్రార్థిద్దాం.

చివరిగా కారు ఉన్న పిల్లలకు ఒక మాట. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన అధికారికి సొంత రథం ఉంది. దారిలో కనిపించిన ఫిలిప్పును ఎక్కించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఖాళీ చోటు వల్లనే అతనికి రక్షణ వార్త తెలిసింది. మీ సెడాన్‌లో అయిదుగురికి చోటుంది. ఈ చలికాలంలో బస్సు కోసం మంచులో నిలబడే కొత్త విద్యార్థి మీ చుట్టుపక్కల తప్పక ఉంటాడు. అతన్ని సరుకులకో, ఆరాధనకో తీసుకెళ్లండి. బయలుదేరే ముందు టైర్లలో గాలి చూసుకోండి, బెల్టు పెట్టుకోండి, నెమ్మదిగా వెళ్లండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.