వైరే కదా అని కోసేస్తే...

ముఖ్యమంత్రి సభ ఉందంటే అందరికంటే ముందు మైదానానికి చేరేది బాంబు స్క్వాడ్. పొడవాటి కర్ర, దాని చివర పళ్లెంలాంటి గుండ్రటి చట్రం. దాన్ని నేలకు ఆనీ ఆనకుండా అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంటారు. మట్టిలో మేకున్నా సరే, 'కుయ్'మంటుంది. అదే మెటల్ డిటెక్టర్. అందరి చూపూ పళ్లెం మీదే ఉంటుంది. కర్రను చుట్టుకుంటూ పైకి పాకిన నల్లటి కేబుల్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

పళ్లెంలో రాగితీగ చుట్టలుంటాయి. చాలా రకాల్లో ఒక చుట్ట నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దాని ప్రభావానికి లోహంలో చిన్నపాటి విద్యుత్తు పుడుతుంది. దాని జాడను రెండో చుట్ట పసిగడుతుంది. ఆ బలహీనమైన సంకేతాన్ని పైనున్న డబ్బాకు చేర్చేది కేబులే. దారిలో బయటి రొద చొరబడకుండా లోపలి తీగల చుట్టూ సన్నటి లోహపు అల్లికో, రేకో ఉంటుంది. దాన్ని షీల్డు అంటారు.

కేబుల్ పళ్లెంలోకి దూరేచోట, ప్లగ్గు మెడ దగ్గర పదే పదే వంగుతుంది. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు తెగుతాయి. పోగు తగులుతూ ఊడుతూ ఉంటే లేని లోహం ఉన్నట్టు అరుస్తుంది. పూర్తిగా తెగితే ఉన్న లోహానికీ అరవకపోవచ్చు. మొదటిది విసుగు, రెండోది ప్రమాదం.

వైర్ల తేడా ఎంత పని చేస్తుందో టెలిఫోన్ సృష్టికర్త గ్రాహంబెల్‌కే తెలిసొచ్చింది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి బెల్ ఇలాంటి పరికరమే తయారుచేశారు. జులై 26న ప్రయత్నిస్తే ఒకటే గరగర. ఒక కండెన్సర్‌ను సరిగా కలపలేదని తర్వాత తేలింది. ఆగస్టు 1న మళ్లీ వెతికారు. వైద్యులు చూడమన్నది కుడివైపు, తూటా ఉన్నది ఎడమవైపు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు మరో అడ్డంకి. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ కన్నుమూశారు.

పోలీసుల పరికరాలకు నిపుణులుంటారు. కాలేజీ ప్రాజెక్టు కోసమో, సరదాకో కొన్న డిటెక్టరైతే పాడైన ముక్క కోసేసి మళ్లీ కలుపుకోవచ్చు. గ్యారంటీ ఉంటే మాత్రం కంపెనీకే పంపండి. ముందు బ్యాటరీలు తీసేయండి. ఏ రంగు తీగ ఏ పిన్నుకు వెళ్తోందో కాగితంపై రాసుకోండి. రంగులు కంపెనీని బట్టి మారతాయి. వేడికి ముడుచుకునే గొట్టాన్ని తీగకు ముందే తొడగాలి, టంకం పెట్టాక అది ఎక్కదు. షీల్డును వదిలేయకూడదు, పక్క తీగలకు తగలనివ్వకూడదు. మొదట ఎక్కడ కలిపి ఉందో అక్కడే కలపాలి. పళ్లెం వైపు తెగితే కష్టం. చాలావాటిలో అక్కడ గట్టి జిగురు పోసి మూసేస్తారు.

ఎంత కోయొచ్చు? మీటరు కేబుల్‌కు కెపాసిటెన్స్ సుమారు 100 పికోఫారడ్లు ఉంటుంది. రెండు మూడు అంగుళాలు తగ్గితే తేడా తెలియదు. సగానికి సగం కోస్తే, ముఖ్యంగా 'పల్స్' రకం పరికరాల్లో, సర్క్యూట్‌ను మళ్లీ సరిచేయాల్సి రావచ్చు. పైగా కర్రను పూర్తిగా చాచినప్పుడు కేబుల్ బిగుసుకోకూడదు. బిగుసుకుంటే మళ్లీ అక్కడే తెగుతుంది.

చివరగా రెండు పరీక్షలు. కోయకముందు పని చేస్తున్నట్టయితే, రూపాయి బిళ్లను ఎంత దూరం నుంచి పట్టేదో కొలిచి పెట్టుకోండి. అతికాక అంతే దూరం నుంచి పట్టాలి. తర్వాత పళ్లేన్ని కదలకుండా ఉంచి కేబుల్‌ను మాత్రమే మెల్లగా కదపండి. అరిచిందంటే అతుకు సరిగా లేనట్టే. మందుపాతరలు ఏరే సిబ్బంది కూడా పనిలోకి దిగేముందు నమూనా లోహపు ముక్కతో డిటెక్టర్‌ను పరీక్షిస్తారు. అది పలికాకే అడుగు ముందుకేస్తారు.