కలుషితాల గుర్తింపునకు గ్రాఫీన్ సెన్సర్లు: ఏర్పేడు ముందున్న అవకాశం

తిరుపతి: 2020 డిసెంబరు 5న ఏలూరులో ప్రజలు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. ఆరు వందల మందికి పైగా అస్వస్థతకు గురయ్యారు. రక్త నమూనాలను ఢిల్లీలోని ఎయిమ్స్‌కు పంపగా తొలుత సీసం, నికెల్ ఆనవాళ్లు కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ఎయిమ్స్, నీరి సంస్థలు తేల్చేసరికి డిసెంబరు 16 వచ్చింది. నిపుణుల శ్రమను శంకించనవసరం లేదు. నమూనాయే ప్రయోగశాలను వెతుక్కుంటూ వెళ్లవలసిన పద్ధతిలో కొంత జాప్యం తప్పదు.

ప్రయోగశాలనే నమూనా చెంతకు తెచ్చేందుకు ప్రపంచవ్యాప్తంగా సాగుతున్న పరిశోధనల్లో గ్రాఫీన్ సెన్సర్లకు ప్రముఖ స్థానం ఉంది. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్‌ను పొరలు పొరలుగా విడదీయగా మిగిలే, ఒకే పరమాణువు మందం గల కార్బన్ రేకే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రి గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ జిగురు టేపు సాయంతో దీనిని వేరుచేసి, 2010లో నోబెల్ బహుమతి పొందారు. ఈ రేకుకు లోపలి భాగమంటూ లేదు, అంతా ఉపరితలమే. అందువల్ల దానిపై ఏ అణువు వాలినా విద్యుత్ ప్రవాహంలో మార్పు నమోదవుతుంది. ఒక్క వాయు అణువును సైతం పసిగట్టవచ్చునని అదే విశ్వవిద్యాలయ బృందం 2007లో నిరూపించింది.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. గ్రాఫీన్‌కు స్పందించే గుణం మెండు, తేడా తెలుసుకునే గుణం లేదు. గాలిలోని తేమ తగిలినా, విషం తగిలినా అది స్పందిస్తుంది. కనుక కోరిన పదార్థాన్ని మాత్రమే గుర్తించే ఎంజైములను, యాంటీబాడీలను దానిపై అతికిస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు మన నాడుల్లోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును స్తంభింపజేస్తాయి. అదే ఎంజైమును సెన్సరుపై ఉంచితే, మనిషికి తగలవలసిన దెబ్బ ముందుగా సెన్సరుకు తగులుతుంది. కాగా ఎంజైము వేడికి త్వరగా పాడవుతుంది. రాయలసీమ వేసవిలో ఇది చిన్న విషయం కాదు.

ఈ పని ఒక్క శాస్త్రంతో అయ్యేది కాదు. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, ఎలక్ట్రానిక్స్ ఒకచోట కలవాలి. రాష్ట్ర విభజన అనంతరం 2015లో ప్రారంభమైన ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి తాత్కాలిక వసతిని వీడి ఏర్పేడు మండలంలోనే స్థిరపడటం ఈ దృష్ట్యా గమనార్హం. విశాఖపట్నం-చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో ఏర్పేడు-శ్రీకాళహస్తి ఒక కేంద్రం కావడంతో, పరిశ్రమల చుట్టుపక్కల గాలిని, నీటిని నిత్యం పరిశీలించే ఆవశ్యకత కూడా ఇక్కడే ఏర్పడుతోంది.

జల్ జీవన్ మిషన్ కింద శిక్షణ పొందిన గ్రామీణ మహిళలు కిట్లతో, రంగు మార్పును బట్టి నీటిలోని ఫ్లోరైడ్, నైట్రేట్‌లను తెలుసుకుంటున్నారు. పురుగుమందుల అవశేషాలు ఆ కిట్లకు అందవు. సీసం విషయంలో భారతీయ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. అంత సూక్ష్మ పరిమాణాన్ని బోరుబావి వద్దే చెప్పగల పరికరం ఆ మహిళల చేతికి అందడమే అసలు పరీక్ష. కొత్త సెన్సరు వచ్చిందన్న ప్రకటన వెలువడినప్పుడల్లా దానిని శుద్ధజలంలో పరీక్షించారా, ఉప్పు, ఫ్లోరైడ్ కలిసిన ఊరి నీటిలో పరీక్షించారా, ఎన్ని నెలలు నిలిచిందన్నవి అధికారులు, పాత్రికేయులు ముందుగా అడగవలసిన ప్రశ్నలు.