వంశదోషమను మాట మానుదము

బెంగుళూరు మన సంఘమున గత మాసము కుదిరిన యొక సంబంధము, తాంబూలములకు రెండు దినములు ముందుగా చెడిపోయినది. పిల్లయందు ఏ లోపమును లేదు. ఆమె మేనమామకు స్కిజోఫ్రీనియా అను మానసిక వ్యాధి కలదని తెలియుటయే కారణము. "వంశమున పిచ్చి యున్నది" అని పెద్దలు తీర్పు చెప్పిరి. ఆ పెద్దలలో మేమును ఉంటిమి, నోరు మెదపమైతిమి. అందులకు సిగ్గుపడియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ వ్యాధికి వంశముతో సంబంధము లేదని మేమనుట లేదు, కలదు. కాని యిది తండ్రి యాస్తివలె బిడ్డకు తప్పక దిగునది కాదు. 2022లో వెలువడిన యొక గొప్ప పరిశోధనలో శాస్త్రజ్ఞులు 76,000కు పైగా రోగుల జన్యువులను పరీక్షించి, వ్యాధితో సంబంధము గల తావులు 287 కనుగొనిరి. మెదడులో ఒక కణము పంపు వార్తను వేరొక కణమున అందుకొను గ్రాహకముల జన్యువులును వానిలో ఉన్నవి. గ్రిన్2ఎ అను గ్రాహక జన్యువున అరుదుగా కలుగు కొన్ని మార్పులు అపాయమును మిక్కిలి పెంచును. అట్టి మార్పులు గలవారు బహు కొలదిమంది. తక్కిన మార్పులలో ఒక్కొక్కదాని బలము అత్యల్పము.

వర్తకులమగు మనకిది సులభముగా బోధపడవలెను. చిట్టాలో చిల్లర పద్దులు వందలుండును. ఒక్క పద్దును చూచి అంగడి దివాలా యని ఎవడును చెప్పడు. ఆ చిల్లర పద్దులు మీ యింటను, మా యింటను గూడ నున్నవి.

లోకమున 100 మందిలో ఇంచుమించు ఒకరికి ఈ వ్యాధి వచ్చును. తల్లికో తండ్రికో ఉన్నచో, బిడ్డలలో 100కి సుమారు 10 మందికి రావచ్చును. 90 మందికి రాదు. మేనకోడలి విషయమున అపాయము అంతకంటెను తక్కువ. ఒకే జన్యువులు గల కవలలలోనైనను, ఒకరికి వచ్చినచో రెండవవారికి వచ్చితీరవలెనను నియమము లేదు.

సంబంధములు తప్పిపోవునను భయముచేత రోగిని గదిలో దాచు కుటుంబములను మేమెరుగుదుము. చికిత్స ఆలస్యమైనకొలది నష్టము హెచ్చును. నిమ్హాన్స్ మన యూరనే యున్నది. 14416కు ఫోను చేసినచో ఉచితముగా, తెలుగునందును సలహా లభించును.

నిజము దాచుడని మేము చెప్పము. చెప్పువారు నిజమే చెప్పుడు; వినువారు దానిని సరియైన తూకమున తూచుడు. మరల అట్టి తగవు మా యెదుటికి వచ్చినచో, మేము మౌనముగా కూర్చుండము.