పందెం చూసేవాళ్లకు నీడేదీ?

ఉగాది దగ్గర పడుతోందంటే చాలు, అనంతపురం పల్లెల్లో గోడల మీద రంగురంగుల పోస్టర్లు వెలుస్తాయి. నడుమ మూపురమెత్తిన ఒంగోలు గిత్తల జత. పైన ఊరి దేవుడు. చుట్టూ చేతులు జోడించిన నాయకులు. కింద బహుమతుల పట్టిక... మొదటి బహుమతి ఇంత, దాత ఫలానా. రెండో బహుమతి ఇంత, దాత ఫలానా. ఎద్దుల యజమానులకు భోజన వసతి ఉంటుందని కూడా రాస్తారు. మంచిదే. కానీ పోస్టరు ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికినా, చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి ఒక్క ముక్క కనిపించదు. మహా అయితే 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటుంది.

ఆహ్వానితులే, సరే. వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? దాహమేస్తే ఎక్కడికి వెళ్లాలి? ఏ జత ముందుందో ఎలా తెలియాలి? వీటికి జవాబు చెప్పే నాథుడు ఉండడు.

బండలాగుడు పోటీలు జరిగే చోటుకి ఒక్కసారి వెళ్లి చూడండి. షామియానా ఉంటుంది. దాని కింద కుర్చీలుంటాయి. కుర్చీల్లో అతిథులుంటారు. మిగతా జనం మొత్తం ఎండలోనే. నెత్తిన తువ్వాలు, చేతిలో నీళ్ల ప్యాకెట్టు, కళ్లలో దుమ్ము. ఆ జనంలో నూటికి తొంభై మంది మగవాళ్లే. ఆడవాళ్లు, పిల్లలు కావాలంటే దూరంగా ఏ మిద్దె మీద నుంచో, ట్రాక్టరు ట్రాలీలో నిలబడో చూడాలి. ఊరంతటి పండగలో సగం ఊరికి చోటు లేదన్నమాట!

అసలు ఆట ఏమిటంటే...

పట్నంలో పెరిగిన పిల్లల కోసం నాలుగు మాటలు. నేరుగా చదును చేసిన మట్టి బాట. ఆ బాట మీద టన్నుల బరువుండే బండ. దానికి ఒక జత ఎద్దుల్ని కడతారు. ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లదే గెలుపు. బాట చివరికి వెళ్లగానే వెనక్కి తిప్పి మళ్లీ లాగిస్తారు. వయసును బట్టి విభాగాలు ఉంటాయి. వయసంటే పుట్టినరోజు లెక్క కాదు, పళ్ల లెక్క. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు.

ఇంటింటా కాడెద్దులు ఉన్న రోజుల్లో ఇది ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ట్రాక్టర్లు వచ్చాక ఆ రోజులు పోయాయి. ఇప్పుడు పల్లెలో పుట్టిన పిల్లలకు కూడా ఇలాంటి గిత్తల్ని దగ్గరగా చూసే చోటు ఈ పోటీ ఒక్కటే. వాళ్లు రాకపోతే, వచ్చినా విసుగొచ్చి వెళ్లిపోతే, రేపు ఈ ఆట ఎవరి కోసం?

దూరపు చుట్టం

మన బండలాగుడుకి దూరపు చుట్టంలాంటి ఆట ఒకటి ఉంది. పేరు స్పీడ్‌వే. ఆస్ట్రేలియాలో 1920లలో ఊపందుకుని ఇంగ్లండుకి పాకింది. 1928 ఫిబ్రవరి 19న లండన్ దగ్గర హై బీచ్‌లో పోటీ పెడితే నిర్వాహకులు ఊహించనంత జనం వచ్చిపడ్డారు. నేడు పోలండులో ఈ ఆటంటే ప్రాణం పెడతారు.

కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట. నాలుగు బైకులు, నాలుగు చుట్లు. బైకులకు బ్రేకులుండవు, గేరు ఒక్కటే! మలుపులో వెనక చక్రాన్ని పక్కకు జార్చి తిప్పాల్సిందే. నిమిషంలో ఆట ముగుస్తుంది. మళ్లీ కాసేపు విరామం, మళ్లీ ఇంకో నలుగురు. లీగ్ పోటీలో మామూలుగా ఇలాంటివి 15 ఉంటాయి.

మట్టి, దుమ్ము, పందేనికీ పందేనికీ మధ్య ఎదురుచూపులు... కష్టాలన్నీ మనవే. తేడా ఎక్కడుందంటే, చూసేవాళ్ల గురించి వాళ్లు ఏళ్ల తరబడి ఆలోచించారు. పోటీకి ముందు బాటను తడుపుతారు. మధ్యమధ్యలో ట్రాక్టరుతో చదును చేస్తారు. నలుగురికీ నాలుగు రంగుల హెల్మెట్లు... ఎరుపు, నీలం, తెలుపు, పసుపు. ముఖం కనిపించకపోయినా ఎవరెవరో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. గెలిచినవాడికి మూడు పాయింట్లు, తర్వాతివాడికి రెండు, ఆ తర్వాత ఒకటి, చివరివాడికి సున్నా. లెక్క అంత తేలిక. జనం గేటు దగ్గర చిన్న పుస్తకం కొనుక్కుని, ప్రతి పందెం కాగానే గళ్లలో పాయింట్లు రాసుకుంటారు. తాత మనవడికి నేర్పించే మొదటి విద్య అదే. విరామం విసుగనిపించదు, చేతిలో పని ఉంది కాబట్టి!

ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఏముంది? మన ఊళ్లో చేయలేనిది ఏముంది?

దుమ్ముకో ఉపాయం

'బాట తడపడమా! తాగడానికే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో?' అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అందుకే తడిపే వేళ ముఖ్యం. నడిమధ్యాహ్నం చల్లిన నీళ్లు ఆవిరికే సరిపోతాయి. ముందురోజు పొద్దుగూకాక తడిపితే రాత్రంతా మట్టిలోకి ఇంకుతాయి. తక్కువ నీళ్లతో ఎక్కువ పని.

ఒక్క చుక్క కూడా అక్కర్లేని ఉపాయం ఇంకోటి ఉంది. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, అటువైపే జనాన్ని కూర్చోబెట్టడం. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టినవాళ్లు గాలి లెక్క చూసే పెట్టారు కదా! మనం మాత్రం రోడ్డు ఎటుంటే అటు జనాన్ని, నీడ ఎటుంటే అటు వేదికను పెడతాం. దుమ్మంతా జనం ముఖాన కొడుతుంది.

ఎండ సంగతీ అంతే. పాదరసం నలభై దాటే రోజుల్లో మిట్టమధ్యాహ్నం పోటీ నడపాలని శాస్త్రమేమీ లేదు. తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపి, సాయంత్రం నాలుగింటికి మళ్లీ మొదలుపెడితే మనుషులూ బతుకుతారు, ఎద్దులూ బతుకుతాయి. కోస్తా జిల్లాల్లో కొన్నిచోట్ల ఫ్లడ్ లైట్లు పెట్టి రాత్రిళ్లు కూడా నడుపుతున్నారు. బహుమతుల దాతల్లో ఒక్కరు 'నా పేరున పందిరి వేయండి' అంటే చాలు. వెదురు బొంగులు, కొబ్బరి మట్టలు, కింద రెండు కుండల మజ్జిగ. గెలిచినవాడికిచ్చే బహుమతిని ఒక్కడే గుర్తుపెట్టుకుంటాడు, ఆ పందిరిని ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

లెక్క తెలిస్తేనే ఉత్కంఠ

కారు రేసులకు లేని వరం ఒకటి బండలాగుడుకి ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ చుట్టూ ఫార్ములా-ఈ రేసు జరిగింది. 2.83 కిలోమీటర్ల బాట. స్టాండులో కూర్చున్నవాళ్లకు కనిపించేది అందులో ఒక ముక్క మాత్రమే. కారు 'సూయ్' మని పోతుంది. ఎవరు ముందున్నారో తెలియాలంటే పెద్ద తెరే దిక్కు. మన పోటీలో అలా కాదు. ఉన్నచోటి నుంచే ఆట మొత్తం కనిపిస్తుంది.

కనిపిస్తుంది సరే, అర్థమవుతోందా? ఉదాహరణకు బాట పొడవు 250 అడుగులనుకుందాం. ఒక జత పద్నాలుగుసార్లు పూర్తిగా లాగి, ఆపైన 120 అడుగులు లాగింది. మొత్తం 3,620 అడుగులు. ఈ అంకె నిర్వాహకుల నోటు పుస్తకంలో ఉంటుంది. మైకులో ఒకసారి చెబుతారు, డప్పుల మోతలో కలిసిపోతుంది. తర్వాతి జత బరిలోకి దిగినప్పుడు అది ఎంత లాగితే గెలుస్తుందో సగం మందికి తెలియదు.

బడిలోంచి ఒక నల్లబల్ల తెచ్చి పెట్టండి. ముందున్న జత దూరం పెద్ద అంకెల్లో రాయండి. బాట పక్కన 120 అడుగుల దగ్గర ఒక ఎర్రజెండా పాతండి. 'పదిహేనో విడతలో ఈ జెండా దాటితే మొదటి స్థానం' అని మైకులో చెప్పండి. ఇక చూడండి... చివరి రెండు నిమిషాలు ఒక్కరైనా కూర్చుంటారేమో! ఒక కాగితం మీద గళ్లు గీసి, జతల పేర్లు అచ్చేసి పిల్లలకు పంచితే వాళ్లే లెక్కలు కడతారు. ఎక్కాలు రావని తిట్టే అయ్యవార్లకు కూడా పని తగ్గుతుంది.

మధ్యలో గంటసేపు సన్మానాలు, శాలువాలు మాత్రం వద్దు. చెప్పిన వేళకు చెప్పినట్టు జరగకపోతే ఎంత పెద్ద పోటీకైనా పరువు పోతుంది. 2022 నవంబరులో హైదరాబాదులో ఇండియన్ రేసింగ్ లీగ్ మొదటి విడతకు టికెట్లు కొని వెళ్లినవాళ్లు ఆలస్యాల మధ్య అసలు పోటీ చూడకుండానే వెనుదిరిగారు.

తాడు చాలదు

అన్నిటికన్నా ముఖ్యమైంది హద్దు. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని లె మాన్ రేసులో ఒక కారు జనంలోకి దూసుకొచ్చి 80 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బకి స్విట్జర్లాండు తన దేశంలో కారు రేసుల్నే నిషేధించింది. స్పీడ్‌వేలో బాట చుట్టూ కంచె ఉంటుంది, పెద్ద పోటీల్లో మలుపుల దగ్గర గాలి నింపిన మెత్తలు పెడతారు. మన దగ్గర? చాలాచోట్ల ఒక్క తాడు. దాని మీద వాలిపోయిన జనం. బెదిరిన ఎద్దుకి తాడేం తెలుసు? సరుగుడు కర్రలతో రెండు వరుసల దడి, మధ్యలో ఆరడుగుల ఖాళీ, ఎద్దులు తిరిగే రెండు చివర్లలో ఎవరినీ నిలబడనివ్వకపోవడం... ఈ మూడూ ఉంటే తల్లులు ధైర్యంగా పిల్లల్ని తీసుకొస్తారు. ఆడవాళ్లకు విడిగా కూర్చునే చోటు, తడికెలతో కట్టిన మరుగుదొడ్డి ఉంటే రోజంతా ఉంటారు.

ఇంటిల్లిపాదీ వస్తే ఆట కూడా మారుతుంది. ఎద్దును కొట్టడం, మోయలేని బరువు లాగించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ నిషేధించింది ఈ చట్టాన్ని చూపించే. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల చట్ట సవరణలను సమర్థించినా, హింస మీద జనం చూపు తగ్గలేదు. చర్నాకోల దెబ్బ చూసి ఏడేళ్ల పాప కళ్లు మూసుకుంటే, ఆ జత గెలిచినా ఆట ఓడినట్టే. కర్ర లేకుండా, కేకతో, చేతి స్పర్శతో లాగించగలిగినవాడే అసలైన సేద్యగాడు. అతనికి విడిగా ఒక బహుమతి పెడితే ఎంత బావుంటుంది!

అనంతపురం జనానికి ఆటలంటే ఆసక్తి లేదని ఎవరూ అనలేరు. 2024 సెప్టెంబరులో ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగితే ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చాయి. కూర్చోవడానికి చోటుండి, స్కోరు తెలుస్తుంటే కరువు సీమలో కూడా జనానికి కరువుండదు.

ఈసారి మీ ఊరి జాతర కమిటీ చందా పుస్తకం పట్టుకుని ఇంటికొస్తే కాదనకుండా ఇవ్వండి. ఇస్తూ ఒక్క మాట అడగండి... 'మా అమ్మ కూడా వస్తుందయ్యా, ఎక్కడ కూర్చోబెడతారు?' అని.